పూర్తి వ్యాసం సభ్యులకే

విజ్ఞాన సమితి పఠనాలయం, మధ్యాహ్నం. బల్లకి ఇటు సమితి కార్యదర్శి, అటు వరద ప్రాంతం నుంచి వచ్చిన ఒక నర్సు.

"అది కాదమ్మా, నేను ఇవ్వనని అనడం లేదు. నిబంధన ఒప్పుకోదంటున్నాను. రెండూ ఒకటి కాదు."

"నాకు రెండూ ఒకటే మాస్టారూ. ఎలాగైనా ఉత్త చేతులతోనేగా పోవాలి."

"మా త్రైమాసిక పత్రిక సభ్యులకి మాత్రమే. బయటివాళ్ళకి సారాంశం ఉంది. దాన్ని నెట్‌లో కూడా పెట్టించాం. ఎవరైనా చూసుకోవచ్చు."

"చూశాం. నాలుగు లైన్లు. ‘పిచ్చిచిక్కుడు గింజలను పదిహేను నిమిషములు ఉడికించి, ఆ నీటిని పారబోసినచో భోజనయోగ్యములు. తొంబది దినముల పరీక్షలో ఎట్టి హానియు కనబడలేదు.’ దాని కింద ఎర్రక్షరాలు. పూర్తి వ్యాసం సభ్యులకు మాత్రమే."

"అబ్బో, కంఠస్థం చేసేశారే!"

"నవ్వకండి మాస్టారూ."

"నవ్వడం లేదమ్మా. కూర్చోండి. ఆ కుర్చీ వద్దు, దానికో కాలు ఊగుతుంది. ఇటు లాక్కోండి. మంచినీళ్ళు తాగుతారా?"

"వద్దు. మూడు ఉత్తరాలు రాశాను. మూడింటికీ ఒకటే కార్డు వచ్చింది, అచ్చు వేయించి పెట్టుకున్న కార్డు. నా పేరు రాసే చోట కూడా ఖాళీగానే వదిలేశారు."

"చాలా ఉత్తరాలు వస్తుంటాయి మాకు..."

"చాలానా?"

"అంటే... వస్తాయి. అప్పుడప్పుడూ."

"నాలుగుసార్లు ఫోన్ కూడా చేశాను. ‘కార్యదర్శిగారు ఊళ్ళో లేరు, నేను అటెండర్ని మాట్లాడుతున్నా’ అన్నారు."

"అవునవును, మా అటెండరు. వాడికి సరిగ్గా చెప్పడం రాదు."

"మాస్టారూ."

"ఊఁ?"

"గంట నుంచి మీ గొంతు వింటున్నాను. ఫోన్లో మాట్లాడింది మీరే. మెట్లెక్కి వస్తుంటే కింద గడియారాలు బాగుచేసే ఆయన్ని అడిగాను, అటెండరుగారు ఉంటారా పైన అని. ఆయన చచ్చిపోయి ఆరేళ్ళయిందన్నాడు."

"పని ఒత్తిడి అమ్మా. అన్నీ నేనే చూసుకోవాలి. ఊడ్చుకోవడం దగ్గర్నుంచీ. ఒక్కోసారి ఫోనెత్తి ఏం చెప్పాలో తెలీక..."

"అటెండరైపోతారు."

"సిగ్గుచేటే. ఒప్పుకుంటున్నాను. సరే, అయిందేదో అయింది. ఇదిగో సభ్యత్వం దరఖాస్తు. నింపండి. ఇద్దరు పాత సభ్యులు ప్రతిపాదించాలి. ఒకరు నేనే చేస్తాను. రెండో ఆయన మా కోశాధికారి, ఆయనకి చెవులు వినపడవు, నేను వెళ్ళి చెప్తాను. కార్యవర్గం మూడు నెలలకోసారి కూర్చుంటుంది. వచ్చే సమావేశంలో పెడదాం."

"వచ్చే సమావేశం ఎప్పుడు?"

"మొన్ననే ఒకటి అయింది."

"అంటే మూడు నెలలు."

"మూడు నెలలు ఎంతలో గడుస్తాయి!"

"సోమవారం నుంచి మా బడి వంటశాలలో పిల్లలకి ఆ చిక్కుడు గింజలు పెడతారట మాస్టారూ. ఇవాళ శుక్రవారం."

"బడిలోనా? పిల్లలకా?"

"బస్తాలకి బస్తాలు ఎండబెట్టి పెట్టుకున్నారు కదా. ఉచితంగా వచ్చిన గింజ, పిల్లలకి బలం అంటున్నారు. శాస్త్రం కూడా చెప్పిందిగా అంటున్నారు."

"అసలు ఆ గింజ ఎందుకు తినాల్సొచ్చింది? ముళ్ళకంపలో పెరిగేది. మేకలు కూడా ముట్టవు."

"మా పెద్దవాళ్ళు మేకల్ని ముట్టనిచ్చేవాళ్ళు కాదు. వరదకి వంతెన కూలిపోయింది మాస్టారూ. ఆరు వారాలు లారీ రాలేదు. పప్పు లేదు, ఉప్పు లేదు. పడవలో తెచ్చిన బియ్యం ఇంటికి రెండు గిన్నెలు. రైలుకట్ట మీద మాత్రం ఎటు చూసినా పిచ్చిచిక్కుడు. కాయలు గుత్తులు గుత్తులు. కళ్ళెదుట అంత పంట ఉంటే ఆకలితో ఎవరు ఊరుకుంటారు?"

"ఊరుకోరు. నిజమే. కానీ తినొచ్చని ఎవరు చెప్పారు వాళ్ళకి?"

"ఎవరో నెట్‌లో మీ సారాంశం చదివి చెప్పారు."

"ఎవరు?"

"ఎవరో ఒకరు. అదంతా ఇప్పుడెందుకు? ముందు జరిగింది వినండి. రెండు నెలలు తిన్నారు. ముందు పోస్టుమేన్ వచ్చాడు నా దగ్గరికి. సైకిల్ దిగుతుంటే మోకాళ్ళు తన్నుకుంటున్నాయన్నాడు. నొప్పి లేదట, వాపు లేదు, జ్వరం లేదు. బలానికి మాత్రలిచ్చి పంపాను. వారం తిరిగేసరికి సైకిల్ పట్టుకుని నడుచుకుంటూ వచ్చాడు. ఆ తర్వాత వారం సైకిలే తేలేదు, కర్ర తెచ్చాడు."

"రెండు కాళ్ళూనా?"

"రెండూ. మడమ నేలకి ఆనదు. వేళ్ళ మీద నడుస్తాడు, కత్తెరలా కాలికి కాలు అడ్డం వేసుకుంటూ. ఏంటి మాస్టారూ, ఎందుకలా చూస్తున్నారు?"

"ఏం లేదు. చెప్పండి."

"ఇప్పటికి పదకొండు మంది. పదకొండో మనిషి టైలరు. ఇరవై రెండేళ్ళుగా కుట్టుమిషను తొక్కుతున్న కాళ్ళు. పెడల్ మీద పెడితే పాదం దానంతటది జారిపోతోంది. మొదట మిషను పాడైందనుకుంది. నూనె పోసింది, బెల్టు మార్చింది. ‘ఇదేంటే, మిషను నా మాట వినడం మానేసింది’ అంది. తర్వాత చూస్తే వినడం మానేసింది కాళ్ళు."

"ఆవిడ మీకు బాగా తెలుసా?"

"మా అక్క."

"అయ్యో."

"అమ్మ పోయాక నన్ను ఆ మిషను మీదే చదివించింది. నా యూనిఫాం ఇప్పటికీ అదే కుడుతుంది. ఈ భుజం మీద కుట్టు చూడండి, ఇది నెల కింద కుట్టింది. ఎలా వంకరపోయిందో."

"అమ్మా, మీ పట్నం ఆసుపత్రిలో ఏమన్నారు?"

"ఇదిగో, దానికే వచ్చాను. డాక్టరుగారు అందర్నీ చూశారు. నేను చిక్కుడు సంగతి చెప్పాను. ఆయన నా ముందే కంప్యూటర్లో వెతికారు. మీ నాలుగు లైన్లే వచ్చాయి. ‘చూడమ్మా, ప్రచురించిన పరీక్ష ఉంది. తొంభై రోజులు పెట్టి చూశారు. చిక్కుడు కాదు ఇది, వరద నీళ్ళ వల్ల వచ్చిన ఏదో వైరస్ అయ్యుంటుంది’ అన్నారు. రక్తాలు తీసి ఎక్కడికో పంపారు. ఆ ఫలితాలు వచ్చేదాకా తినకండి అని గట్టిగా చెప్పమంటే, ఆధారం లేకుండా ఎలా చెప్పను అన్నారు."

"మీరు చెప్పలేకపోయారా?"

"చెప్పాను. ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. నవ్వారు. శాస్త్రం తినొచ్చంటే నువ్వు వద్దంటావేంటి, ఏదో ఒకటి తేల్చుకో అన్నారు. నా మాట చెల్లే రోజులు పోయాయి మాస్టారూ. అందుకే ఆ వ్యాసం కావాలి. పరీక్ష ఎలా చేశారో చూడాలి. ఎన్నింటికి పెట్టారు, పచ్చివా ఎండువా, ఎంత పెట్టారు, చివర్లో ఏం చూశారు. డాక్టరుగారికి చూపిస్తే ఎక్కడో ఒకచోట ఆయనకి అనుమానం తగులుతుంది."

"ఇస్తే ఇచ్చేవాణ్ణే అమ్మా. కానీ ఆ సంపుటం బైండింగుకి వెళ్ళింది."

"ఎప్పుడు?"

"చాలా రోజులైంది. ఆ బైండరు ఒట్టి సోమరి."

"ఇందాక గంట నుంచీ నిబంధన అన్నారు. ఇప్పుడు బైండింగు."

"రెండూ ఉన్నాయి మరి."

"మీ వెనక బీరువాలో ఇరవై ఆరో సంపుటం ఉంది, ఇరవై ఎనిమిది ఉంది. మధ్యలో ఖాళీ. మిగతా అరంతా వేలెడు దుమ్ము, ఖాళీ ఉన్న చోట మాత్రం చెక్క మెరుస్తోంది. మొన్న మొన్ననే తీశారు దాన్ని."

"మీరు నర్సా, పోలీసా?"

"మంచాన పడ్డవాళ్ళు ‘మందులు వేసుకున్నా’ అంటే దిండు కింద వెతకడం అలవాటు మాకు. ఎక్కడుంది మాస్టారూ? ఇంట్లోనా? ఈ సొరుగులోనా?"

"చెయ్యి తియ్యండి. తియ్యండమ్మా, అది నా సొరుగు."

"నా మొదటి ఉత్తరం వచ్చిన రోజే తీసి దాచారు కదూ?"

"చెయ్యి తీస్తారా లేదా!"

"తీశాను. అరవకండి. ఆ నీళ్ళు మీరే తాగండి."

"క్షమించండి. అరవకూడదు. ఆడపిల్ల మీద... ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పాను, క్లాసులో ఒక్కరోజు కూడా గొంతు పెంచలేదు."

"నేను వ్యాసం రాసినాయన్నే వెతికి పట్టుకుందామనుకున్నాను. ముందు అదే ప్రయత్నించా. కుదర్లేదు. ఆయన పోయారటగా?"

"పెద్దాయన. మా గురువుగారు. ఈ సమితి పెట్టింది ఆయనే. గోడ మీద ఆ ఫొటో ఆయనదే. పోయి పద్ధెనిమిదేళ్ళు."

"నెట్‌లో ఆయన పేరు పక్కన ‘తదితరులు’ అని ఉంది. ఆ తదితరులు ఎవరైనా బతికుంటే వాళ్ళ అడ్రసు ఇవ్వండి, చాలు. నిబంధన అడ్డం రాదుగా? వాళ్ళ కాళ్ళు పట్టుకుని అడుగుతాను. ఎంతమంది వాళ్ళు?"

"తదితరులు..."

"ఎంతమంది?"

"ఒక్కడే అమ్మా."

"ఎక్కడుంటారు?"

"మీ ఎదురుగా."

"మీరా?"

"నేనే. అప్పుడు ముప్ఫై ఏళ్ళు నాకు. పెద్దాయన దగ్గర పరిశోధన చేసేవాణ్ణి. ఆలోచన ఆయనది, పని నాది, పేరు ఆయనది. అలాగే ఉండేది అప్పట్లో. నాకేం బాధ లేదు. తదితరుల్లో ఉన్నా చాలనుకున్నా."

"అయితే మీకంటే ఎవరికి తెలుస్తుంది! వ్యాసం ఎందుకిక, మీరే చెప్పండి. దేనికి పెట్టారు? ఎలకలకా?"

"కోడిపిల్లలకి. పన్నెండు కోడిపిల్లలు. కాలేజీ వెనక రేకుల షెడ్డు ఉండేది."

"తొంభై రోజులు?"

"ఊఁ."

"ఊఁ అంటే?"

"ఊఁ అంటే... షెడ్డుకి ఒకవైపు జాలీ చిరిగి ఉండేది. బాగు చేయించమని మూడుసార్లు అర్జీ పెట్టాను. ఎవరూ పట్టించుకోలేదు. పిల్లి దూరింది. ఉదయం వెళ్ళి చూస్తే ఈకలు."

"ఎన్నో రోజున?"

"ఇరవై నాలుగు."

"తొంభైలో ఇరవై నాలుగు."

"పెద్దాయన పదవీ విరమణకి ప్రత్యేక సంచిక వేస్తున్నారు. ముందు పేజీలో మా వ్యాసం. నెల రోజుల్లో ఇవ్వాలి. మళ్ళీ మొదలుపెడితే మూడు నెలలు. నాకు ఉద్యోగం ఇంటర్వ్యూ కూడా అప్పుడే. వ్యాసం అచ్చయి ఉంటేనే పిలుస్తారు. ఇరవై నాలుగు రోజుల బరువులు నా దగ్గర ఉన్నాయి. గ్రాఫు కాగితం మీద గీత బాగానే పైకి పోతోంది. ఎటు పోతోందో అటే పొడిగించాను."

"పొడిగించారు."

"స్కేలు పెట్టి."

"స్కేలు పెట్టి అరవై ఆరు రోజులు గీసేశారు!"

"పెద్దాయనకి తెలీదు. ఆయనకి చెప్పలేదు. ఆయన సంతకం పెట్టి, నా భుజం తట్టి, ‘ఓపిక ఉందిరా నీకు’ అన్నారు. ఆ ఒక్క మాటకి ఆ రాత్రి అన్నం దిగలేదు నాకు. ఆ తర్వాత దిగింది. అన్నం ఎన్నాళ్ళు దిగకుండా ఉంటుంది?"

"సరే. ఇరవై నాలుగు రోజులైనా చూశారుగా. ఆ ఇరవై నాలుగు రోజులూ పన్నెండూ బాగున్నాయా?"

"గీత పైకే పోయిందన్నాగా."

"గీత సంగతి కాదు. కోడిపిల్లలు బాగున్నాయా?"

"బరువు పెరిగాయి."

"నేను బరువు అడగలేదు మాస్టారూ. పోస్టుమేన్ కూడా బరువు తగ్గలేదు. ఇందాక నేను కత్తెరలా నడుస్తాడు అన్నప్పుడు మీ ముఖం చూశాను. అది మీకు కొత్త మాట కాదు. ఎన్ని?"

"రెండు."

"ఎన్నో రోజున?"

"పంతొమ్మిది. రెండు పిల్లలు వెనక పడిపోయాయి. కాళ్ళు ఇలా... అడ్డం పడుతూ, వేళ్ళ మీద. గింజల గిన్నె దాకా రెక్కలు కొట్టుకుంటూ పాకాయి. వేరే ఏదో జబ్బు అనుకున్నా. అనుకున్నా కూడా కాదు, అనుకోవాలనుకున్నా. రెండిట్నీ తీసి వాచ్‌మన్ కిచ్చేశాను. పదింటిమీద లెక్క రాసుకున్నా. వ్యాసంలో మొదటి నుంచీ పదే ఉన్నట్టు రాశాను."

"ఎవరికీ చెప్పలేదా?"

"ఇవాళ మీకు చెప్తున్నాను. ఇంట్లో ఆవిడకి కూడా తెలీదు. ఆవిడ ఆ సంచిక అట్టకి అట్ట వేసి, పెళ్ళి ఫొటోల పక్కన పెట్టుకుంది."

"ముప్ఫై ఏళ్ళు."

"ముప్ఫై ఒకటి. ఎవడు తింటాడమ్మా పిచ్చిచిక్కుడు అనుకున్నాను. ఎవరూ తినలేదు కూడా. బతికిపోయాననుకున్నా. పదకొండేళ్ళ కింద ఎవరో అమ్మాయి, పరిశోధన చేస్తోందట, ఉత్తరం రాసింది. కోడిపిల్లల్ని రోజూ తూచారా, వారానికోసారి తూచారా, పాత నోటుబుక్కు చూడనిస్తారా అని. మర్యాదగా రాసింది పాపం. ఆ నెలలోనే కార్యవర్గంలో తీర్మానం పెట్టాను."

"ఏ తీర్మానం?"

"పత్రిక సభ్యులకు మాత్రమే అని. అందరికీ ఇస్తే విలువ పోతుంది, మన పత్రికకి గౌరవం ఉండాలి అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. దండ కూడా వేశారు."

"ఆ అమ్మాయికి కార్డు పంపారు."

"ఆ కార్డులు అచ్చు వేయించిందే ఆ అమ్మాయి కోసం. వంద వేయించాను. మీకు మూడు పంపాను."

"మీ మీద అరవాలని ఉంది మాస్టారూ. అరవలేకపోతున్నాను."

"అరవండి. కింద గడియారాలాయన తప్ప ఎవరూ వినరు."

"అరిస్తే మా అక్క లేచి నడుస్తుందా? కాగితం తీయండి. తెల్లది. లెటర్‌హెడ్ ఉందా?"

"ఉంది. ఎందుకు?"

"ఇప్పుడు చెప్పిందంతా రాయండి. మీ చేత్తో."

"వచ్చే సంచికలో సవరణ వేస్తానమ్మా. తప్పకుండా వేస్తాను. ఎడిటరుగా నాకు ఆ అధికారం..."

"వచ్చే సంచిక ఎప్పుడు?"

"మూడు..."

"మూడు నెలలు! అది ఎవరు చదువుతారు? సభ్యులు! ఎంతమంది ఉన్నారు మీకు?"

"చందా కట్టేవాళ్ళు తొమ్మిది మంది. అందులో చదివేవాళ్ళు... తెలీదు."

"రాయండి మాస్టారూ. సోమవారం పొద్దున్న వంటశాల పొయ్యి వెలిగేలోపు ఇది డాక్టరుగారి బల్ల మీద ఉండాలి."

"ఇది రాస్తే నాకు మిగిలేది ఏంటో మీకు తెలుసా? నా ఉద్యోగం దీంతో వచ్చింది. నా పెన్షను. నా విద్యార్థులు ఇప్పటికీ ఇంటికొచ్చి కాళ్ళకి దండం పెడతారు. చూడనిది రాయకండ్రా అని చెప్పేవాణ్ణి వాళ్ళకి. ఏటా మొదటి రోజు మొదటి మాట అదే."

"తెలుసు. మీకేం పోతుందో నాకు అర్థమైంది. అయినా రాయమంటున్నాను. కలం ఇదిగో. నాదే తీసుకోండి."

"ఎవరికని రాయను?"

"ఎవరు చదివితే వాళ్ళకి."

"సరే. ‘ఇరవై ఏడవ సంపుటంలో ప్రచురితమైన పిచ్చిచిక్కుడు వ్యాసంలో పరీక్షల విషయమై కొంత పొరపాటు జరిగినట్లు...’"

"ఆగండి. పొరపాటు కొట్టేయండి."

"మరేమని రాయను?"

"ఏం జరిగిందో అది. ‘జరిగినట్లు’ కూడా వద్దు. దానంతటదే జరగలేదుగా. ఎవరు చేశారు?"

"నేను."

"అలాగే రాయండి."

"మీరు నా మాస్టారి కంటే గట్టివారు. ‘...ఆ వ్యాసంలో నేను అబద్ధం రాశాను. పరీక్ష తొంభై రోజులు జరగలేదు. ఇరవై నాలుగు రోజులకే ఆగిపోయింది. పంతొమ్మిదో రోజున పన్నెండు కోడిపిల్లల్లో రెండింటికి కాళ్ళు పడిపోయాయి. ఆ సంగతి నేను దాచాను. మిగిలిన అంకెలు కల్పించినవి. ఉడికించిన పిచ్చిచిక్కుడు తినదగినదని చెప్పడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. హాని చేస్తుందనడానికి ఉంది. నా గురువుగారికి ఈ విషయం తెలియదు.’ ఈ చివరి వాక్యం ఉండనివ్వండి. బతిమాలుతున్నాను."

"ఉంచండి. అది నిజమేగా."

"సంతకం చేశాను. కింద ‘కార్యదర్శి’ అని రాయాలా?"

"మీ ఇష్టం."

"వద్దు. ఒట్టి పేరు చాలు. ఇదిగో తాళం. సొరుగులో సంచికతో పాటు పాత నోటుబుక్కు ఉంటుంది, నల్ల అట్టది. పంతొమ్మిదో రోజు పేజీ చింపలేదు. చింపుదామని చాలాసార్లు పట్టుకున్నాను. ఎందుకో చింపలేకపోయాను."

"ఇదేనా? ‘రెండు పిల్లలు, కాళ్ళు అడ్డముపడి, పాకుచున్నవి.’ పెన్సిలుతో రాసి, కొట్టేశారు. కానీ కనపడుతోంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఫొటో తీస్తాను. డాక్టరుగారికి ఇప్పుడే పంపిస్తాను, మళ్ళీ బస్సులో సిగ్నల్ ఉండదు."

"పంపండి. పంపేయండి. మళ్ళీ నా మనసు మారకముందే."

"వెళ్ళాయి. నాలుగు ఫొటోలూ వెళ్ళాయి."

"వెళ్ళిపోయాయా? ఇంత సేపేనా? నాకు ముప్ఫై ఏళ్ళు పట్టింది..."

"చూశారు. రెండు నీలం గీతలు పడ్డాయి. ఆయనే చేస్తున్నారు. హలో, డాక్టరుగారూ... అవునండీ, ఆయన చేతిరాతే... నా ఎదురుగానే ఉన్నారు... లేదండీ, బలవంతం చేయలేదు. అంటే, కొంచెం చేశాను... ఊఁ... ఊఁ... సోమవారం?... సాయంత్రమేనా, ఇవాళే?... సరేనండీ. బస్తాలు కూడానా? మంచిదండీ... డాక్టరుగారూ, మరి ఇప్పటికే పడిపోయినవాళ్ళు?... ఆఁ... ఆఁ... అర్థమైంది. ఉంటానండీ."

"ఏమన్నారు?"

"వంటశాలకి ఇవాళే కబురు పంపిస్తున్నారు. ఇళ్ళల్లో బస్తాలు కూడా తీయించేస్తారట, మనుషుల్ని పెట్టి."

"పదకొండు మంది సంగతి?"

"ఇప్పుడిప్పుడే మొదలైనవాళ్ళకి, మానేస్తే అక్కడితో ఆగిపోవచ్చట. పోస్టుమేన్‌కీ అక్కకీ... పోయిన బలం తిరిగిరావడం కష్టమన్నారు."

"నా ఒక్క గీత. ఇరవై నాలుగో రోజు నుంచి తొంభై దాకా లాగాను. దానికి పదకొండు మంది."

"మాస్టారూ, తల అలా కొట్టుకోకండి."

"నేనూ మీతో వస్తాను. ఇప్పుడే. చొక్కా మార్చుకుని వస్తాను. అందర్నీ ఒకచోట కూర్చోబెట్టండి, వాళ్ళ ముందు నిలబడి చెప్తాను. రాళ్ళేస్తే వేయనివ్వండి."

"రాళ్ళెవరూ వేయరు. లేవలేనివాళ్ళు రాళ్ళేం వేస్తారు."

"మీ అక్కగారి దగ్గరికి ముందు తీసుకెళ్ళండి. ఆవిడ నన్ను ఏమన్నా పడతాను. మీరు పక్కన నిలబడితే చాలు."

"నేను పక్కన నిలబడితే మీకేం లాభం లేదు."

"అలా అనకండి. ఈ మొత్తం వ్యవహారంలో తలెత్తుకుని నడవగలిగిన మనిషి మీరొక్కరే. మీ చేతులకి ఏ మరకా లేదు. ఉత్తరాలు రాశారు, ఫోన్లు చేశారు, ఇంత దూరం వచ్చి నా చేత నిజం కక్కించారు. ఆ నాలుగు లైన్లు నెట్‌లో చదివి వాళ్ళకి తినమని చెప్పినవాడెవడో, వాడూ నేనూ కదా సిగ్గుపడాల్సింది. ఇంతకీ ఎవరమ్మా వాడు? ఇందాక రెండుసార్లు అడిగాను, మాట దాటేశారు. ఏంటమ్మా? ఏడుస్తున్నారా? ఏమైంది?"

"అక్క భయపడింది మాస్టారూ, అమ్మ వద్దనేది కదే అంది. నేనే నవ్వి, చేతికి వాచీ పెట్టుకుని పొయ్యి పక్కన నిలబడి, పదిహేను నిమిషాలు లెక్కపెట్టి, మొదటి ముద్ద నా చేత్తో దాని నోట్లో పెట్టాను."